మధ్యలో కూర్చోండి

నాలుగున్నరకే మెలకువ వస్తుంది.
అక్కడ ఆ వేళకి కొబ్బరాకుల మీద వెలుగు.
ఇక్కడ మూసారాంబాగ్‌లో
కింది జిరాక్స్ షాపు షట్టర్ మీద ఇంకా వీధిలైటు.
రెండు చోట్లా గడియారం ఒకటే,
సూర్యుడే వేరు.

మొదటిసారి వెళ్ళినప్పుడు మూడు రోజులున్నాను.
తిరిగొచ్చి పన్నెండు వందల మాటలు రాశాను.
అందులో 'స్వర్గం' నాలుగుసార్లు,
'పచ్చల హారం' ఒకసారి.
సుధీంద్ర గారు అచ్చేసి చెక్కు కూడా పంపారు.
ఆ కాగితం ఎప్పుడైనా కంటబడితే
చెవులు వేడెక్కుతాయి.

రెండోసారి వెళ్ళి ఇరవై ఆరు నెలలు ఉండిపోయాను.
ఎందుకూ అంటే
ఏడాదికో జవాబు చెబుతున్నాను.
గున్నమ్మ ఇంటి వెనక గది, నెలకి మూడు వేలు,
ఎండుచేపల వాసన ఉచితం.
వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి వలతో సహా ఓడెక్కాడట.
ఆమె నోట సముద్రానికి బోలెడు పేర్లు,
సగం తిట్లు.

కొత్తిమీర కట్ట కోసం జెట్టీ మీద
మూడు గంటలు నిలబడ్డాక తెలిసింది దీవి అంటే ఏమిటో.
ఉల్లిపాయ బస్తాలు పలక మీంచి జారుతూ దిగుతాయి,
ఊరంతా పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తుంది.

ఓడ రద్దు. మర్నాడూ రద్దు.
కౌంటర్ దగ్గర టూరిస్టుల కేకలు,
వాళ్ళలో నా గొంతు ఒకటి.
"ఎవుల మీదమ్మా ఆ కేకలు?" అంది గున్నమ్మ
పొలుసు గీకుతూనే.
"గాలికి చెవుల్లేవు. కూకో. ఈ ముక్కలు కడుగు."
కడిగాను.
రాయడం అక్కడ మొదలైందనుకుంటాను,
చేతిలో పెన్ను లేదు.

ఆ తర్వాత నేను రాసినవి:
ఇసుక ఈగలు ఏ వేళకి కుడతాయో,
కరెంటు పోతే ఫోన్ చార్జింగ్‌కి ఎవరి తలుపు తట్టాలో,
పడవ ఊగేటప్పుడు కిటికీ కోసం కొట్లాడకండి,
మధ్యలో కూర్చోండి,
దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతని చూడండి.

"ఇందులో అందం ఏదమ్మా?" అని
సుధీంద్ర గారు సగం కోసేశారు.
మిగిలిన సగానికి
కరీంనగర్ నుంచి ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు కార్డు రాశారు:
"మధ్యలో కూర్చున్నాం. మా ఆవిడకి వాంతి కాలేదు. కృతజ్ఞతలు."
నాకు జరిగిన సన్మానం అదొక్కటే.
ఫ్రిజ్ మీద, అయస్కాంతం కింద ఉంది.

ఇప్పుడు నన్ను దీవుల మేడమ్ అంటారు.
పెళ్ళి పంక్తిలో పప్పు వడ్డిస్తూ కూడా అడుగుతారు
నవంబరు మంచిదా, ఫిబ్రవరా అని.

నిన్న ఫోన్:
"హైదరాబాద్ మీద రాయండి.
మూడు రోజుల్లో చూడాల్సినవి. మీ ఊరే కదా!"
మా ఊరే.
మలక్‌పేట ఆస్పత్రిలో పుట్టాను.
చార్మినార్ ఎక్కి పదిహేడేళ్ళు.
పాల ప్యాకెట్ ఏ దారిన నా గుమ్మానికొస్తుందో తెలీదు.
కొత్తిమీర ఎక్కడ దిగుతుందో తెలీదు.
సరేననలేదు, కుదరదనీ అనలేదు.

రాత్రి పైన జలాశయాల గేట్లెత్తారు.
పొద్దుటికి మూసీ వంతెన మీదుగా పారుతోంది,
ఎర్రగా, ఒక ప్లాస్టిక్ కుర్చీని మోసుకుంటూ.
బారికేడ్ల ముందు జనం.
బండికి గుడ్ల ట్రేలు కట్టుకున్న ఒకాయన
హారన్ కొడుతూనే ఉన్నాడు.
"గోల్నాక పోవాలె! ఎప్పుడు తెరుస్తరు?"
"నన్నడిగితే ఏం జెప్తనే," అన్నాడు హోంగార్డు,
"నీళ్లనడుగు."

దగ్గరికి వెళ్ళాను.
"అన్నా, ఈ గుడ్లు యాడికెల్లి వస్తయి?"
హారన్ మీంచి వేలు తీశాడు.
నా సంచి వైపు, కళ్ళద్దాల వైపు చూశాడు.
"రాసుకుంటవా ఏంది?"
"తర్వాత. ముందు ట్రేలు దించుదాం,
స్టాండు ఒరుగుతుంది."